స్ప్లెండర్ ప్లగ్ ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదు, హెడ్ దించాల్సిందేనా?

హన్మకొండ_స్ప్లెండర్:

అందరికీ నమస్తే. మా నాన్న బండి, పాత స్ప్లెండర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నెల రోజులుగా పొద్దున పూట స్టార్ట్ కావడానికి సతాయిస్తోంది. మొన్న ఆదివారం పరకాల వెళ్లొచ్చి, ఇంజన్ ఇంకా వేడి మీద ఉండగానే ప్లగ్ విప్పాను. అది తప్పని ఇప్పుడు తెలిసింది. తిట్టేవాళ్లు ఒకసారి తిట్టేసి విషయానికి రండి.

విప్పేటప్పుడు ఇసుక పడ్డట్టు కిర్రుకిర్రుమంటూ వచ్చింది. కొత్త ప్లగ్ చేత్తో తిప్పితే బాగానే దిగింది. పానా వేసి బిగిస్తుంటే ఒక దగ్గర టైట్ అయింది. ఇంకొంచెం తిప్పగానే టక్కుమని వదిలేసింది. అప్పటి నుంచి తిప్పినకొద్దీ తిరుగుతోంది. బండి స్టార్ట్ అవుతోంది కానీ ప్లగ్ దగ్గర చిస్ చిస్ మని గాలి కొడుతోంది, చుట్టూ నల్లగా నూనె తడి.

మా గల్లీ మెకానిక్ "త్రెడ్ పోయింది, హెడ్ (సిలిండర్ పై మూత) దించి బుష్ (లోపలా బయటా మర ఉన్న గొట్టం ముక్క) కొట్టించాలి" అన్నాడు. పక్క షాపాయన "దానికి హెడ్డెందుకు, రెండు ట్యూబుల గమ్ము కలిపి పెట్టి బిగించు, నడుస్తది" అన్నాడు. వచ్చే నెల చెల్లె పెళ్లి, కార్డులు పంచడానికి రోజూ బండి కావాలి. ఎవరి మాట వినాలి?

జనగామ_చిన్నోడు:

నల్లాకు చుట్టే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించు అన్నా. మా ఇంట్లో బోరు పైపుకు అట్లనే చేశాం, చుక్క కారడం లేదు 😀

కాజీపేట_పెద్దాయన:

చిన్నోడా, బోరు పైపులో నీళ్లుంటాయి, ఇక్కడ నిప్పుంటుంది. ఆ టేపు వేడికి నిలవదు. పైగా ప్లగ్ ఒంటికీ హెడ్‌కూ మధ్య లోహం లోహానికి తగలాలి, కరెంటు తిరిగి పోయే దారి అదే.

హన్మకొండ తమ్ముడూ, ముందు బండి పక్కన పెట్టు. స్టార్ట్ అవుతోంది కదా అని నడపకు. ప్లగ్‌కు పట్టిన వేడిలో ఎక్కువ భాగం దాని మరల (త్రెడ్ల) గుండా, వాషర్ గుండా హెడ్‌లోకి దిగిపోతుంది. మర పట్టకపోతే ఆ వేడికి పోయే దారి లేదు. ప్లగ్ కొన ఎర్రగా కాలి, కరెంటు రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది. అప్పుడు చిల్లు పడేది పిస్టన్ నెత్తికి.

గమ్ము సంగతి. అది గట్టిపడ్డాక పెళుసు. ఇంజన్ వేడికి పట్టు వదులుతుంది, లేదంటే ప్లగ్‌ను శాశ్వతంగా అతికించేస్తుంది. రెండూ నష్టమే. రేపు లేత్ వాడి దగ్గరికి పోయినా ఆ గమ్మంతా గీకి తీయడమే సగం పని అవుతుంది.

నాకు రెండు విషయాలు చెప్పు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పానా ముట్టకుండా వేళ్లతోనే ప్లగ్ ఎన్ని చుట్లు దిగుతోందో లెక్కపెట్టు. నీ బండి ప్లగ్ మర లావు 10 మిల్లీమీటర్లు, పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 1, మర పొడవు 12.7. ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటర్ లోపలికి పోతుంది. వాషర్ హెడ్‌కు ఆనేలోపు పది పన్నెండు చుట్లు రావాలి. రెండు చుట్లకే వంకరగా పట్టేస్తే మర తప్పి ఎక్కినట్టు. రెండోది, విప్పిన ప్లగ్ మరల సందుల్లో వెండి దారంలా అల్యూమినియం చుట్టుకుని ఉందా? ఉంటే హెడ్‌లోని మర ఊడి ప్లగ్‌తో వచ్చేసిందన్న మాట.

ఫిజిక్స్_మాస్టారు (హుజురాబాద్):

ప్లగ్ ఊడి ఎగురుతుందా అని చాలామంది నవ్వుతారు కాబట్టి చిన్న లెక్క. పెట్రోల్ మండినప్పుడు సిలిండర్‌లో చదరపు సెంటీమీటర్‌కు 40 కిలోల ఒత్తిడి అనుకుందాం. 10 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. అంటే ప్లగ్‌ను బయటికి తోసే బలం సుమారు 31 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాను కింది నుంచి ఎగదన్నినా ఇంకా మిగిలేంత. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 50 సార్లు ఆ దెబ్బ పడుతుంది. 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కైతే వైశాల్యం 1.54, బలం 60 కిలోలు దాటుతుంది. మర బాగుంటే పది పన్నెండు చుట్లు ఈ భారాన్ని పంచుకుంటాయి. రెండే మిగిలితే ఆ రెండే మొయ్యాలి.

పత్తిచేను_నర్సంపేట:

ప్లగ్ మర పోవడం బండ్లకే అనుకోకండి. నాది వీపుకు తగిలించుకునే పెట్రోల్ మందు పంపు, టూ స్ట్రోక్. పోయిన పత్తి కాలంలో ప్లగ్ పోతే దుకాణానికి పోయాను. "అదే 14 మర, అదే పానా" అని ఇంకో ప్లగ్ ఇచ్చారు. సరిపోయింది, నడిచింది. రెండు నెలల తర్వాత విప్పితే సగం వరకు వచ్చి పట్టేసింది. బలం పెట్టి తిప్పాను. ప్లగ్ వచ్చింది, దాంతో పాటు హెడ్ మర మొత్తం ఉంగరాలు ఉంగరాలుగా వచ్చింది. ఎందుకట్లయిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఇదే చర్చలో అడగొచ్చా?

కాజీపేట_పెద్దాయన:

అడగొచ్చు, ఇది అందరికీ పనికొచ్చేది. నీ పంపుకు పొట్టి ప్లగ్ ఉంటుంది, మర పొడవు 9.5 మాత్రమే. వాళ్లు ఇచ్చింది 12.7ది అయ్యుంటుంది. లావు అదే, పిచ్ అదే, పొడవు వేరు. మిగిలిన మూడు మిల్లీమీటర్లు మంటలోకి పొడుచుకుని ఉంటాయి. ఆ మరల మీద మసి కాలి రాయిలా గట్టిపడుతుంది. విప్పేటప్పుడు ఆ మసి మర హెడ్ మరలోంచే బయటికి రావాలి కదా, ఆకురాయిలా గీకుతూ వస్తుంది. పిస్టన్‌కు తగలకపోవడం నీ అదృష్టం.

దీనికి తలకిందులు ఇంకోటుంది. పొడుగు మర ఉన్న హెడ్‌లో పొట్టి ప్లగ్ పెడితే, హెడ్ లోపలి మరలు ఖాళీగా మిగిలి అక్కడ మసి పడుతుంది. తర్వాత సరైన ప్లగ్ తెచ్చి తిప్పితే చివర్లో పట్టేస్తుంది. "సగమే దిగుతోంది" అని బలం పెట్టేవాళ్లంతా ఆ చోటే మర తింటారు.

ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌ల మీద మొదటి అక్షరం చూడండి. సి అంటే 10, డి అంటే 12, బి అంటే 14 మిల్లీమీటర్లు. అంకె తర్వాత హెచ్ ఉంటే పొడవు 12.7, ఈ ఉంటే 19. ఆ మధ్యలో ఉన్న అంకె వేడి గుణానిది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, అంటే వేడిని త్వరగా హెడ్‌లోకి వదిలేది. బాష్ కంపెనీలో సరిగ్గా దానికి ఎదురు. దుకాణంలో "అదే, అదే" అన్నప్పుడు పాత ప్లగ్ పక్కన కొత్తది నిలబెట్టి మరల కొసలు కలుస్తున్నాయో లేదో కళ్లతో చూసుకోండి.

బుల్లెట్_కరీంనగర్:

హన్మకొండ భాయ్, హెడ్ దించకుండానే పని అవుతుంది. కాయిల్ కిట్ తెప్పించు. నా పాత బుల్లెట్‌కు నేనే వేసుకున్నాను, నాలుగేళ్లయింది.

సంగతి ఏమిటంటే, పాడైన రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కిట్‌లో వచ్చే ట్యాప్‌తో కొత్త మర కోస్తాం. దాంట్లోకి స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్టను తిప్పి దించుతాం. స్ప్రింగ్‌లా ఉంటుంది కానీ తీగ గుండ్రంగా ఉండదు, వజ్రం ఆకారంలో కోణాలుంటాయి. బయటి కోణం హెడ్ మరలో కూర్చుంటుంది, లోపలి కోణం ప్లగ్‌కు కొత్త మర అవుతుంది. ప్లగ్ సైజు మారదు. అల్యూమినియంలో మర ఇంకా పెద్ద చుట్టుకొలతలో పడుతుంది కాబట్టి పాతదానికన్నా గట్టి.

జాగ్రత్తలు మూడే. చుట్ట పై అంచు హెడ్ ముఖం కన్నా పావు నుంచి అర చుట్టు కిందికి ఉండాలి. లేకపోతే వాషర్ చుట్ట మీద కూర్చుని గాలి వదులుతుంది. కొన్ని చుట్టల అడుగున తిప్పడానికి చిన్న తోక ఉంటుంది, దించాక దాన్ని విరిచి బయటికి తీయాలి. అది సిలిండర్‌లో పడిందా, ఇక చెప్పక్కర్లేదు. ట్యాప్ గాళ్లలో (నిలువు గాడుల్లో) గ్రీజు దట్టంగా పూసి, రెండు చుట్లకోసారి బయటికి తీసి తుడుస్తూ పోతే రజను (కోసిన లోహపు పొడి) అంతా గ్రీజుకే అంటుకుంటుంది.

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

బుల్లెట్ అన్నా, మీ బండికి సరే. మీ సిలిండర్ నిటారుగా ఉంటుంది. స్ప్లెండర్‌ది దాదాపు పడుకుని ఉంటుంది. గ్రీజుకు అంటకుండా జారిన రజను పిస్టన్ నెత్తి మీద ఆగదు, బోరు కింది గోడ మీద పడుతుంది. పిస్టన్ రింగు నడిచేది అక్కడే. కిక్కు కొట్టిన మొదటి నాలుగు దెబ్బలకే గీత పడుతుంది. కంప్రెసర్ గాలి కొట్టినా కొంత వాల్వు సందుల్లో ఇరుక్కుంటుంది. ప్లగ్ చిల్లుకు వెయ్యి రూపాయలతో పోయేది బోరింగు (సిలిండర్‌ను మళ్లీ కోయించడం) దాకా పోతుంది. నా దగ్గరికి ఇట్లా వచ్చినవి ఉన్నాయి.

హెడ్ దించితే పని టేబుల్ మీద జరుగుతుంది, చిల్లు నిలువుగా వస్తుంది, చేత్తో పట్టుకుని ట్యాప్ వంకర పోయే భయం ఉండదు. నేనైతే స్ప్లెండర్‌కు హెడ్ దించకుండా డ్రిల్ పెట్టను. పైన ఒకటి రెండు చూడీలే నలిగితే అది వేరే సంగతి, అప్పుడు కోయక్కర్లేదు, శుభ్రం చేస్తే చాలు. (చూడీలు అంటే మరలే. మా షాపులో ఎవరూ మర అనరు.)

జమ్మికుంట_కొత్తపానా:

శుభ్రం చేయడానికి ట్యాప్ లేకపోతే? నేను ఈ మధ్యే షాపు పెట్టాను, 10 మర ట్యాప్ ఉంది కానీ ప్లగ్ చిల్లు లోతుగా ఉంటే అందడం లేదు.

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

పాత ప్లగ్‌నే ట్యాప్ చేసుకో. అదే కంపెనీ, అదే సైజు, మర నలగని పాత ప్లగ్ తీసుకో. సన్న మూడంచుల ఆకురాయితో మర మీద నిలువుగా మూడు గాళ్లు దింపు, మూడూ సమ దూరంలో ఉండాలి. కొసన మొదటి రెండు చూడీలు కొంచెం ఏటవాలుగా రుద్దు. గాళ్ల అంచుల్లో లేచిన ముళ్లు గోటికి తగలకుండా తీసెయ్. గాళ్లలో గ్రీజు నింపి వేళ్లతో తిప్పు, సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ప్లగ్ ఒళ్లు ఉక్కు, హెడ్ అల్యూమినియం, అందుకే పని చేస్తుంది. కానీ ఇది ఉన్న మరను దారిలో పెడుతుంది, లేని మరను పుట్టించదు.

వంకర ఎక్కకుండా ఉండాలంటే ఇంకోటి చెప్తా. జానెడు పెట్రోల్ పైపు ప్లగ్ నెత్తి మీద తొడిగి, ఆ పైపు పట్టుకుని తిప్పు. మర తప్పితే పైపే జారుతుంది, నీ చేతి బలం హెడ్ దాకా పోదు. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి నెల పానా ఇవ్వం, పైపే.

హన్మకొండ_స్ప్లెండర్:

పెద్దాయన అడిగినవి చూశాను. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున పెట్రోల్ పైపుతోనే తిప్పాను. వంకర లేకుండా సాఫీగా పదకొండు చుట్లు దిగింది, వాషర్ ఆనింది. వేళ్లకు ఆగుతోంది కూడా. పానా వేసి కొంచెం బలం పెడితేనే మళ్లీ తిరగడం మొదలు. ప్లగ్ మరల్లో అల్యూమినియం దారం ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఇంకా విచిత్రం, ఎంత తిప్పినా ప్లగ్ పైకి రావడం లేదు, కిందికి పోవడం లేదు. ఉన్న చోటే తిరుగుతోంది. ఫోన్ టార్చ్ వేసి తీసిన ఫొటో పెడుతున్నాను.

కాజీపేట_పెద్దాయన:

మర తినేసిన హెడ్ ఇట్లా ప్రవర్తించదు. తినేస్తే వేళ్లకే వదులుగా ఊగాలి. నాకు అర్థం కావడం లేదు, ఒప్పుకుంటాను. లేత్ ఆయన చూడాలి.

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

ఫొటో చూశాను. వాషర్ కూర్చునే చోట చుట్టూ సన్నటి నల్ల గీత ఒకటి గుండ్రంగా కనబడుతోంది. గీత లోపలి వలయం రంగు, బయట హెడ్ రంగు ఒకటి కాదు. లోపలిది ముదురుగా, ఉక్కులా ఉంది. ఒక పని చెయ్యి. ప్లగ్ విప్పి, ఆ వలయం మీద నుంచి హెడ్ మీదికి సూదితో ఒక గీత గియ్యి, రెండింటి మీదా కలిసి పడాలి. మళ్లీ ప్లగ్ పెట్టి పానాతో ఒక పావు చుట్టు తిప్పి, విప్పి చూడు. గీత తెగి పక్కకు జరిగితే నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు, నాన్నగారిని అడుగు. ఈ హెడ్‌కు ఎవరో ఇదివరకే బుష్ వేశారు.

హన్మకొండ_స్ప్లెండర్:

గీత జరిగింది!! వలయం మీది గీత గడియారంలో మూడు అంకెల దూరం పోయింది, హెడ్ మీదిది ఉన్న చోటే ఉంది.

నాన్నకు ఏమీ తెలియదు. బండి మాకు అమ్మింది బాబాయి వరస అవుతాడు, ఆయనకు ఫోన్ చేశాం. ముందు "మా దగ్గరున్నన్నాళ్లు పానా పెట్టలేదు" అన్నాడు. తర్వాత పిన్ని వెనక నుంచి అందుకుంది. మేడారం జాతరకు పోతుంటే పస్రా దగ్గర ప్లగ్ ఊడిందట, అక్కడే రాత్రి ఒక షాపులో ఏదో వేయించుకుని, గద్దెల దగ్గరికి తెల్లవారి చేరారట. అన్నేళ్లు ఆ బుష్ మీదే నడిచిందన్న మాట.

బుల్లెట్_కరీంనగర్:

అయితే ఆ బుష్ వేసినవాడికి దండం పెట్టాలి కదా, రాత్రి పూట రోడ్డు పక్కన చేసిన పని ఇన్నేళ్లు ఆగింది. మరి ఇప్పుడెందుకు వదులైంది?

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

ఉక్కు బుష్ వేయడం వల్ల. తప్పు పట్టడం లేదు, రాత్రి పూట చేతికి దొరికింది అదే అయ్యుంటుంది. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఉక్కు దాదాపు సగమే సాగుతుంది, ఇత్తడి అల్యూమినియానికి దగ్గరగా ఉంటుంది. బయటి లావు 14 మిల్లీమీటర్లున్న బుష్ అనుకోండి. ఇంజన్ 150 డిగ్రీలు వేడెక్కితే హెడ్‌లోని చిల్లు 0.048 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇత్తడి బుష్ 0.040 పెరుగుతుంది. ఉక్కు బుష్ 0.025 మాత్రమే. అంటే వేడి మీద ఉక్కు బుష్ చుట్టూ ఇత్తడికన్నా మూడింతల సందు. చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది. రోజూ ఇదే ఊపిరి. కొన్నేళ్లకు పట్టు అరుగుతుంది. హన్మకొండ తమ్ముడు సరిగ్గా వేడి మీదే పానా పెట్టాడు, బుష్ అత్యంత వదులుగా ఉండే గడియలో.

ఫిజిక్స్_మాస్టారు (హుజురాబాద్):

లెక్క సరిపోయింది. అల్యూమినియానికి డిగ్రీకి మిలియన్‌లో 23 భాగాలు, ఇత్తడికి 19, మామూలు ఉక్కుకు 12. మా ఇంటర్ పిల్లలకు బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే ఉదాహరణ చెప్తుంటాను. ఎడ్లబండి చూసిన వాడు తరగతిలో ఇద్దరు కూడా ఉండడం లేదు. రేపటి నుంచి ఇది చెప్తాను.

బుల్లెట్_కరీంనగర్:

అయితే నా కాయిల్ కూడా స్టీలే కదా! ఇప్పుడు నాకు టెన్షన్ మొదలైంది.

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

మీరు నిద్రపోండి. స్టెయిన్‌లెస్ ఉక్కు మామూలు ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది, 17 దాకా. పైగా కాయిల్ స్ప్రింగ్ లాంటిది, వేసేటప్పుడు ముడుచుకుని దిగుతుంది, దిగాక బయటికి తన్నుకుని గోడను పట్టుకునే ఉంటుంది. చిల్లు పెరిగితే అదీ పెరుగుతుంది. దిట్టంగా ఉండే గొట్టపు బుష్‌కు ఆ గుణం లేదు. నేను కాయిల్‌కు వ్యతిరేకిని కాను. ఈ హెడ్‌లో మాత్రం చిల్లు ఇప్పటికే 14 అయిపోయింది, 10 మర కాయిల్‌కు అందులో పట్టు దొరకదు.

జమ్మికుంట_కొత్తపానా:

అట్లాంటప్పుడు ఆర్గాన్ వెల్డింగ్‌తో చిల్లు పూడ్చి కొత్తగా 10 కొట్టొచ్చు కదా? లేదా ప్లగ్‌నే 12 మరది మార్చేస్తే?

కాజీపేట_పెద్దాయన:

ఆర్గాన్ చేయొచ్చు. కానీ ఏళ్ల తరబడి నూనె తాగిన హెడ్, వెల్డింగ్‌లో బుడగలు లేస్తుంది. వేడికి హెడ్ ముఖం వంగుతుంది, వాల్వు సీట్లు వదులవుతాయి. తర్వాత ముఖం చదును చేయించాలి, సీట్లు చూడాలి. అంత ఖర్చులో స్క్రాప్‌లో మంచి హెడ్ దొరుకుతుంది.

12 మర ప్లగ్ సంగతి: చిల్లు 14 ఉన్నప్పుడు 12 ఏం పట్టుకుంటుంది? 10 చిల్లు తాజాగా పోయినప్పుడు కొందరు అట్లా చేస్తారు. కానీ 12లో 12.7 పొడవుది, సరైన వేడి గుణం ఉన్నది, మన ఊళ్లల్లో అడగగానే దొరకదు. రేపు ఎక్కడో దారిలో ప్లగ్ పోతే నువ్వు ఏ దుకాణంలో అడిగినా 10దే ఇస్తారు.

హన్మకొండ_స్ప్లెండర్:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. హెడ్ దించి లేత్ అన్న దగ్గరికే తీసుకెళ్లాను, దగ్గరుండి చూశాను. తెలిసినంత చెప్తాను.

హెడ్ టేబుల్ మీద పెట్టి ఆయన బొటనవేలితో అటు నుంచి నొక్కి తిప్పారు. బుష్ చేతిలోకి వచ్చేసింది. పానా లేదు, సుత్తి లేదు. లోపలి 10 మర నున్నగా కొత్తదానిలా ఉంది, బయటి 14 మర మాత్రం అరిగి గుండ్రబడి, మసి పట్టి ఉంది. అంటే నేను మర తినలేదు! నాన్న ముందు ఈ మాట గట్టిగా రెండుసార్లు చెప్పాను.

వాల్వులు తీసేయించారు ముందు. తర్వాత క్యాలిపర్ పెట్టి చిల్లు అంచు నుంచి వాల్వు సీటు దాకా ఎంత గోడ ఉందో కొలిచారు. "16 చేస్తే ఇంకా మిగులుతుందా లేదా అన్నదే ప్రశ్న, మిగలకపోతే ఇంటికి తీసుకుపోదువు" అన్నారు. మిగిలింది. హెడ్‌ను డ్రిల్లింగ్ మెషిన్ కింద బిగించి, పాత 14ను 14.5కు తోలి, 16 మర, 1.5 పిచ్ ట్యాప్ కొట్టారు. ట్యాప్ వంకర పోకుండా దాని నెత్తిని మెషిన్ కొసకే ఆనించి చేత్తో తిప్పారు. కిరోసిన్ చుక్కలు వేస్తూనే ఉన్నారు. తర్వాత పైన వాషర్ కూర్చునే చోట మెట్టులా చిన్న గుంట తీశారు.

ఇత్తడి కడ్డీ లేత్‌కు పెట్టి బుష్ చేశారు. బయట 16 మర, లోపల 9 డ్రిల్ వేసి 10 మర, పైన టోపీ అంచులా కాలరు. ఆ కాలరు హెడ్‌లో తీసిన మెట్టు మీద కూర్చుంటుంది కాబట్టి ప్లగ్ బిగించేటప్పుడు బుష్ ఇంక లోపలికి దిగిపోదట. బిగించాక కాలరు అంచు, హెడ్ కలిసే చోట రెండు దిక్కులా సన్న పంచ్‌తో దెబ్బ వేసి చిన్న గుంతలు చేశారు, బుష్ తిరగకుండా. చివరికి లోపలి వైపు బుష్ కొస హెడ్ గోడ కన్నా ఒక వెంట్రుక కూడా పొడుచుకు రాకుండా గీకి నున్నగా చేశారు. అక్కడ సన్న అంచు మిగిలితే అదే ఎర్రగా కాలుతుందని చెప్పారు.

వాల్వులు ఎలాగూ తీశాం కదా అని పేస్టు పెట్టి రుద్దించాం. ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద గుంతలున్నాయి, పొద్దున స్టార్ట్ కాకపోవడానికి అసలు కారణం అదే కావొచ్చన్నారు. హెడ్ ప్యాకింగ్ కొత్తది వేశాం.

పత్తిచేను_నర్సంపేట:

బాగైంది తమ్ముడూ. గాలి ఇంకా పోతోందో లేదో ఎట్లా చూశారు?

హన్మకొండ_స్ప్లెండర్:

సర్ఫు నీళ్లు అన్నా. ప్లగ్ చుట్టూ, కాలరు చుట్టూ నురగ పోసి, ప్లగ్ క్యాప్ పీకేసి ఊరికే కిక్కు కొట్టాం. పీకిన క్యాప్‌లో వేరే ప్లగ్ గుచ్చి ఇంజన్‌కు ఆనించి పెట్టాం, కరెంటు పోయే దారి ఉండాలట. మొదట కాలరు దగ్గర ఒక్క బుడగ లేచింది. నా గుండె జారింది. అది నురగలో ఉన్న బుడగే, తుడిచి మళ్లీ పోస్తే రాలేదు.

ఇప్పుడు ప్లగ్ ఎంత బిగించాలో చెప్పండి. ఇంతకు ముందు నేను "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ బిగించేవాణ్ని. పెట్టే ముందు మరకు రాగి గ్రీజు పూయమని ఇంకొకరు చెప్పారు, పూయాలా?

కాజీపేట_పెద్దాయన:

టార్క్ పానా ఉంటే 10 మర ప్లగ్‌కు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. 12 మరకు 15 నుంచి 20, అల్యూమినియం హెడ్‌లో 14 మరకు 25 నుంచి 30. టార్క్ పానా లేనివాళ్లకు చెయ్యే కొలత. చల్లటి ఇంజన్‌లో వాషర్ ఆనేదాకా వేళ్లతో. తర్వాత కొత్త ప్లగ్ అయితే పానాతో అర చుట్టు, అక్కడ వాషర్ నలిగి చదునవడం చేతికి తెలుస్తుంది. వాడిన ప్లగ్ మళ్లీ పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక అంకె కదిలినంత చాలు. కొత్తదానికి ఇచ్చినట్టు అర చుట్టు పాతదానికీ ఇవ్వడం వల్లనే సగం హెడ్లు పోతున్నాయి. ప్లగ్ పానాకు పొడుగు గొట్టం తొడిగే అలవాటున్నవాళ్లు ఆ గొట్టం దాచేయండి.

గ్రీజు వద్దు. ఇప్పటి ప్లగ్ మరలకు పూత ఉంటుంది, పట్టుకుపోదు. గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, చేతికి అదే బలం అనిపించినా మర మీద లాగుడు ఎక్కువ పడుతుంది.

జమ్మికుంట_కొత్తపానా:

రాగి గ్రీజు నేను వచ్చిన ప్రతి బండికీ పూస్తున్నాను. డబ్బా మూత పెట్టేశాను.

లేత్_పని (వరంగల్ ఆటోనగర్):

హన్మకొండ తమ్ముడూ, కాలరు మీద, హెడ్ మీద కలిపి సూదితో నేను ఒక గీత పెట్టి పంపాను, చూశావా? ఒక వంద కిలోమీటర్లు నడిచాక, పూర్తిగా చల్లారాక, ప్లగ్ ముట్టకుండా ఆ గీత ఒకసారి చూసి ఇక్కడ రాయి.

హన్మకొండ_స్ప్లెండర్:

140 కిలోమీటర్లు నడిచింది. కార్డులు ములుగు దాకా పంచాం, పస్రాలో కూడా ఒకటి ఇచ్చాం. పొద్దున టార్చ్ వేసి చూశాను. గీత రెండింటి మీదా ఒకే వరసలో ఉంది. పాత ఉక్కు బుష్ నాన్న తాళంచెవుల గుత్తికి వేసుకున్నాడు, బాబాయి పెళ్లికి వచ్చినప్పుడు చూపిస్తాడట.